గోడమీది ఫ్రెంచి కాగితం

నల్లగండ్ల, హైదరాబాదు
3 ఫిబ్రవరి 2025

తాతయ్యా,

దండాలు. నేను, నీ కూతురి కూతురు ప్రవీణని. పోయినసారి ఫోనులో నీకు వినిపించాలని అరిచిన అరుపులకి మా వాచ్‌మన్ ఏదో గొడవనుకుని పైకి పరుగెత్తుకొచ్చాడు. అందుకే ఈ ఉత్తరం. చేత్తో తెలుగు రాసి పదేళ్ళు దాటింది. అక్షరాలు కోడి కెలికినట్టుంటే నవ్వకు.

అసలు సంగతి చెప్తాను. నాకు ఫ్రెంచి కావాలి. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఇన్నాళ్ళూ అమెరికా వాళ్ళ పని చేసేది. అది పోయింది. ఇప్పుడు లియోన్ అనే ఊళ్ళో ఉన్న ఒక ఫ్రెంచి కంపెనీ పని వచ్చింది. వాళ్ళతో మాట్లాడాలన్నా రాయాలన్నా ఫ్రెంచిలోనే. జూన్‌లో బి2 అనే పరీక్ష ఉంది. పాసైనవాళ్ళు టీమ్‌లో ఉంటారు. కానివాళ్ళు 'వేరే అవకాశాలు చూసుకోవచ్చు' అని మా మేనేజరు రోహిణి గారు చాలా మెత్తగా చెప్పారు. అంటే ఇంటికి పొమ్మని. పద్నాలుగేళ్ళు ఇక్కడే పనిచేశాను తాతయ్యా. ముప్పై ఏడేళ్ళ వయసులో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ఈ పరీక్ష రాయడం ఇదే మొదటిసారి కాబట్టి భయంగా కూడా ఉంది.

నాకు మాత్రం ఏం ఫికర్? ఫ్రెంచి పరీక్ష ఫస్టున పాసైన మనిషి మన ఇంట్లోనే ఉన్నాడు. మీ హాల్లో గడియారం పక్కన ఫ్రేము కట్టిన నీ సర్టిఫికెట్టు చూస్తూ పెరిగాను. వేసవి సెలవుల్లో అమ్మమ్మ దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంటే, చాలాకాలం అది సరస్వతీదేవి పటం అనుకునేదాన్ని. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చదవడం రాదు. అయినా అందరం దండం పెట్టేవాళ్ళం.

నాకు నేర్పు తాతయ్యా. కింద రెండు ఫ్రెంచి వాక్యాలు రాశాను. ఒకటి నీకు, ఒకటి పరీక్ష పెట్టే ఆవిడకి. చూసి చెప్పు.

నీ
ప్రవీణ


యానాం
11 ఫిబ్రవరి 2025

చిరంజీవి ప్రవీణకి తాత సుబ్బరాయుడు దీవించి రాయునది.

ఉత్తరం అందింది. నీ మేనమామ పెళ్ళాం ఉమాశ్రీ 'నేను చదివి వినిపిస్తాను మావయ్యగారూ' అని కవరు చించబోయింది. పోయింది చెవులమ్మా, కళ్ళు కాదు అని లాక్కున్నాను.

నీ కోరిక విన్నాను. వద్దు. నాది డెబ్బై ఏళ్ళ కిందటి ఫ్రెంచి. తుప్పు పట్టి ఉంది. దానికి నీ ఉద్యోగం వేలాడదీయకు. మీ ఊళ్ళో బోలెడంత మంది కుర్ర పంతుళ్ళుంటారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళు. ఇంకోమాట. ఆ గోడమీది కాగితం గురించి ఆఫీసులో ఎవరికీ చెప్పకు. అలా గొప్పలు పోవడం నాకు గిట్టదు.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. గోదావరి గట్టు మీద సాయంత్రం కూర్చోవడం ఒక్కటే సుఖం.

ఇంతటితో ముగిద్దామనుకున్నాను గానీ నీ రెండు వాక్యాలు చూడకుండా ఉండలేకపోయాను. మూడు తప్పులు. ఎర్రసిరాతో దిద్ది పంపుతున్నాను. నన్ను 'తు' అన్నావు, బాగానే ఉంది, మనవరాలివి. పరీక్ష పెట్టే ఆవిడని కూడా 'తు' అన్నావేమే? ఆవిడేమన్నా నీ పిన్నికూతురా? 'వు' అనాలి. నువ్వు ఇంగ్లీషులోంచి నడిచొచ్చావు కాబట్టి ఇలా అయింది. వాళ్ళకి కలెక్టరైనా కాపలావాడైనా ఒకటే 'యూ'. నీకు పుట్టుకతోనే నువ్వూ మీరూ రెండూ ఉన్నాయి కదా, వాటిని ఎక్కడ పారేసుకున్నావు?

మీ ఆయన మహేశ్ బాబుని అడిగానని చెప్పు.

తాత


నల్లగండ్ల
20 ఫిబ్రవరి 2025

తాతయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆడపిల్లకి ఎందుకులే అనుకున్నావు కదూ? అదే మా అన్నయ్య లోహిత్ అడిగి ఉంటే 'రారా' అని పలక తీసేవాడివి. కాదని రాయి చూద్దాం.

మా ఇంట్లో నా పరిస్థితి వింటే నీకు నవ్వొస్తుంది. పొద్దున్నే వంట చేస్తూ క్రియలు వల్లిస్తాను. మా అత్తగారు నీలమ్మ గారు పాలు తెచ్చి నిలబడి చూస్తారు. "ఏంది బిడ్డా, పొద్దుగాల్నే గా మంత్రమేంది? ఎవలకన్న చేతబడి జేస్తున్నవా?" అంటారు. మహేశ్ మాత్రం "పరేషాన్ గాకు, అయితది" అని నా టిఫిను డబ్బా సర్దుతాడు.

ఇప్పుడు నా గొడవ విను. నా పుస్తకం ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసింది. నేను చదివిందంతా ఇంగ్లీషు మీడియం కాబట్టి సరిపోతుందనుకున్నాను. ఇంగ్లీషులో 'వెళ్ళాను' అనడానికి 'వెంట్' అంటే అయిపోతుంది. రోజూ వెళ్ళినా వెంట్, నిన్న వెళ్ళినా వెంట్. ఫ్రెంచిలో జరిగిపోయినదానికి రెండు దారులున్నాయి. పాసె కొంపొజె ఒకటి, ఆంపర్ఫె ఒకటి. ఎక్కడ ఏది వాడాలో పన్నెండు నియమాలిచ్చారు. పన్నెండూ కంఠతా వచ్చు. అయినా వాక్యం రాసేటప్పుడు బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది. ఇంత తెలివితక్కువదాన్నా అనిపిస్తోంది.

నువ్వు నేర్పనంటే నేర్పకు. ఈ ఒక్కదానికి జవాబు చెప్పు చాలు.

అలిగిన
ప్రవీణ


యానాం
2 మార్చి 2025

పిచ్చి ప్రవీణకి,

ఆడపిల్లనా? ఛీ, ఆ మాట ఇంకోసారి రాస్తే ఉత్తరం తిప్పి పంపేస్తాను. లోహిత్‌గాడికి తెలుగు ఒత్తులే రావు, వాడికి ఫ్రెంచి చెబుతానా? నేను వద్దన్నదానికి కారణం వేరు. అది నా గొడవ, నీది కాదు. వదిలెయ్.

నీ ప్రశ్నకి జవాబు చెప్పకుండా రెండు రోజులు బిగపట్టాను. మూడోరోజు మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నాను.

నీ పన్నెండు నియమాలూ గోదాట్లో కలుపు. మీ అమ్మమ్మ రత్నమాలని తలుచుకో. ఆవిడ రోజూ సాయంత్రం గట్టుకి వెళ్ళేది. పక్కింటావిడతో కబుర్లు చెప్పేది. మల్లెపూలు కొనేది. ఒకరోజు వెళ్ళింది. జారి పడింది. కాలు విరిగింది. ఇప్పుడు చెప్పు, 'వెళ్ళేది' దగ్గర 'వెళ్ళింది' అని ఎప్పుడైనా తప్పు పలికావా? మూడేళ్ళ వయసులో కూడా పలకలేదు నువ్వు. 'వెళ్ళేది', 'చెప్పేది', 'కొనేది' అన్నీ ఆంపర్ఫె. 'వెళ్ళింది', 'పడింది', 'విరిగింది' అన్నీ పాసె కొంపొజె. అన్నిచోట్లా ఇంత అచ్చంగా సరిపోదు, కానీ ముప్పాతిక దారి నడిపిస్తుంది. ఇంగ్లీషు గుమ్మం ముందు నిలబడి తలుపు కొడుతున్నావు, నీ పెరటి తలుపు పుట్టినప్పటినుంచీ తెరిచే ఉందే తల్లీ!

పుదుచ్చేరినుంచి వచ్చిన మా ముస్యే, అంటే మా ఫ్రెంచి మాస్టారు, పదకొండేళ్ళ నాకు ఇదే చెప్పారు. ఆయనది తమిళం. తన తమిళాన్నీ నా తెలుగునీ పక్కపక్కన పెట్టి ఫ్రెంచి చూపించారు. ఆ రోజు బడినుంచి ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. కాళ్ళు నేలమీద లేవు. మన మాటలో ఇంత ఉందా అని. ఎనభై ఆరేళ్ళకి మళ్ళీ అదే గగుర్పాటు.

సరే, ఓడిపోయాను. ఆయన పద్ధతిలోనే చేద్దాం. రోజూ నువ్వు కళ్ళారా చూసింది ఐదు లైన్లు ఫ్రెంచిలో రాయి. ఇంగ్లీషులో అనుకుని మార్చకూడదు. వారానికోసారి పంపు. ఎర్రసిరా నా దగ్గర బోలెడుంది. అబద్ధం మాత్రం రాయకు. వ్యాకరణం తప్పయితే దిద్దగలను.

తాత


నల్లగండ్ల
16 మార్చి 2025

తాతయ్యా తాతయ్యా,

ఇది విను. చెప్పేదాకా నాకు ఆగడం లేదు.

నిన్న మా అత్తగారికి మోకాలు నొప్పి ఎక్కువైతే దవాఖానకి తీసుకెళ్ళాను. క్యాబులో కొండాపూరు దాటి మా ఆఫీసు వైపు తిరిగాం. సిగ్నల్ దగ్గర ఆగాం. రెండువైపులా అద్దాల మేడలు. ఆవిడ కిటికీలోంచి ఒక టవరుని చూపించి, ఎవరితోనూ కాదన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టారు.

"గీడ మా అవ్వగారి జొన్న చేనుండె. కోడి కూయంగనే లేసి నడుసుకుంట వస్తుంటిమి. కలుపు దీస్తుంటిమి. గాడ ఒక పెద్ద బండ ఉండె, దాని నీడల గూసోని సద్ది తింటుంటిమి. ఒకనాడు జీపులొచ్చినయి. కొలతలు వట్టిండ్రు. బండ పగులగొట్టిండ్రు. ఇగ అయిపాయె."

నా ఒళ్ళు ఝల్లుమంది. ఉండె, వస్తుంటిమి, తీస్తుంటిమి, తింటుంటిమి. తర్వాత వచ్చినయి, పట్టిండ్రు, పగులగొట్టిండ్రు. ఒక్కటి కూడా తప్పలేదు తాతయ్యా! చేనంతా ఆంపర్ఫె. జీపులన్నీ పాసె కొంపొజె. మా అత్తగారు బడి గడప తొక్కలేదు. వేలిముద్ర వేస్తారు. నేను పద్నాలుగేళ్ళు ఆ బండ ఉన్నచోటే తొమ్మిదో అంతస్తులో కూర్చుని పనిచేశాను. ఆ చేను ఎవరిదని ఏనాడూ అడగలేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ కంగారుపడ్డారు. "ఏందే గట్ల జూస్తున్నవ్? ఏమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదత్తమ్మా. ఇంకోసారి చెప్పవా?"

"ఇంకోసారి జెప్తె సేను ఎనకకు వస్తదా?" అని కళ్ళు తుడుచుకుని నవ్వేశారు. దవాఖానలో నంబరు పిలిచేదాకా ఆవిడ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

ఆవిడ మాటలే ఐదు ఫ్రెంచి లైన్లుగా రాసి ఇందులో పెట్టాను. మిగతా వారం లైన్లు కూడా. ఇంకో అనుమానం. పుట్టడం, పోవడం, రావడం, పడటం లాంటివాటికి జరిగిపోయిన మాట చెప్పేటప్పుడు వేరే సహాయక్రియ వస్తుంది కదా. ఆ జాబితా నాకు నోటికి ఉండటం లేదు.

నీ సర్టిఫికెట్టు గురించి రోహిణి గారికి చెప్పకుండా ఉండలేకపోయాను. కోప్పడకు. ఆవిడ ఫొటో చూపించమన్నారు. ఉమాశ్రీ అత్తయ్యకి ఫోను చేస్తే నువ్వు దాన్ని గోడమీంచి దింపి బీరువాలో పెట్టి తాళం వేశావంది. నామీద అంత కోపమా? నీ గొప్ప నేను చెప్పుకోకూడదా?

ప్రవీణ


యానాం
27 మార్చి 2025

చి. ప్రవీణకి,

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మాటవరసకి కాదు, చేతులు జోడించి చెప్పు. ఆవిడ మా బడికి వచ్చి ఉంటే ముస్యే తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఆ లైన్లు దిద్దడానికి ఎర్రకలం తీశాను గానీ చాలాసేపు మూత తీయలేదు. ఉమాశ్రీకి చదివి తెలుగులో చెప్పాను. ఆవిడ పొయ్యిమీద పులుసు మరిచిపోయింది. ఆ పూట మాడిన పులుసే తిన్నాం.

నీ అనుమానానికి ముస్యే బల్లమీద ఒక ఇల్లు గీసేవారు. మన ఇల్లే అనుకో. గుమ్మంలోకి వస్తావు, లోపలికి వెళ్తావు, మేడెక్కుతావు, దిగుతావు, మెట్లమీద పడతావు, బయటికి పోతావు. ఆ పక్కగదిలో మీ అమ్మ పుట్టింది, అదే గదిలో మీ అమ్మమ్మ పోయింది. అన్నీ ఆ సహాయక్రియ తీసుకునేవే. జాబితా వల్లించకు. కళ్ళు మూసుకుని మన ఇంట్లో ఒకసారి తిరుగు, చాలావరకు అక్కడే దొరుకుతాయి.

కాగితానికి చెద పట్టేలా ఉంటే దింపాను. అంతే. కోపమేమీ లేదు. దాని ఊసు ఎత్తకు.

ఇప్పుడు నేను నిన్ను ఒకటి అడుగుతాను. మంగళవారం నాటి లైన్లలో నువ్వు 'ఆ పరీక్ష హాల్లో మూడో వరుస మీద ఫ్యాను కిర్రుమంటుంది, ఆ చప్పుడంటే నాకు భయం' అని రాశావు. ఒక్క తప్పు లేదు. కానీ ఎప్పుడూ రాయని పరీక్షకి హాల్లో ఫ్యాను కిర్రుమంటుందని నీకెలా తెలుసు?

అబద్ధం రాయవద్దన్నాను.

తాత


నల్లగండ్ల
8 ఏప్రిల్ 2025

తాతయ్యా,

పట్టేశావు. నవంబరులో రాశాను. ఫెయిలయ్యాను. వందకి యాభై రావాలి, నలభై ఆరు వచ్చాయి. మాట్లాడే పరీక్షలో ఎదురుగా కూర్చున్నావిడ చాలా మంచిగా ఒక ప్రశ్న అడిగింది. నా తలలో ఇంగ్లీషు వాక్యం తయారైంది. దాన్ని ఫ్రెంచిలోకి మారుస్తూ ఉండిపోయాను. ఫ్యాను కిర్రు కిర్రుమంటూనే ఉంది. ఆవిడ గడియారం చూసుకుంది. ఇంకా మారుస్తూనే ఉన్నాను.

ఒక్క మహేశ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో అసలు రాయలేదన్నాను. నీకు చెప్పడానికి మరీ సిగ్గేసింది. మన ఇంట్లో గోడమీద ఫస్టు క్లాసు సర్టిఫికెట్టు ఉంది, దాని ముందు నా నలభై ఆరు ఎలా పెట్టను? నువ్వు పాసైనవాడివి తాతయ్యా. ఫెయిలైతే ఎలా ఉంటుందో నీకు తెలీదు. పేర్లు పిలుస్తుంటే మన పేరు రాకపోవడం ఎలా ఉంటుందో నీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఈసారి కూడా పోతే ఇక అంతే. నాకు ఇంకో అవకాశం లేదు.

తిట్టాలనుంటే తిట్టు గానీ ఒకటి చేశాను. నువ్వు మధ్యాహ్నం పడుకున్నప్పుడు బీరువా తీసి ఆ సర్టిఫికెట్టు ఫొటో పంపమని ఉమాశ్రీ అత్తయ్య కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇవాళో రేపో పంపుతుంది. నా టేబుల్ మీద పెట్టుకుంటాను. చూసినప్పుడల్లా కాస్త ధైర్యం వస్తుందని.

ప్రవీణ


యానాం
17 ఏప్రిల్ 2025

అమ్మా ప్రవీణా,

ఫొటో తీసినట్టు ఉమాశ్రీ నిన్న చెప్పింది. దాన్ని ఏమనలేదు. ఈపాటికి నువ్వు చదివే ఉంటావు. ఇప్పుడు నీకు చదవడం వచ్చు. నేనే నేర్పాను.

నువ్వు మొదటి ఉత్తరంలో ఫ్రెంచి అడిగినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. డెబ్బై ఏళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ ఆ కాగితం చదవలేరన్న ధైర్యంతో బతికాను. ఇప్పుడు చదవగల మనిషి పుట్టుకొచ్చింది. అందుకే వద్దన్నాను. అందుకే దింపాను. నీమీద కోపం కాదు, నీ కళ్ళంటే భయం.

అది సర్టిఫికెట్టు కాదు. హాల్ టికెట్టు.

1954. నాకు పదహారేళ్ళు. జూన్ ఇరవై ఎనిమిదిన పెద్ద పరీక్ష. మేము ఏడుగురం. ముస్యే మమ్మల్ని తెల్లవారుజామున లేపి చదివించేవారు. ఈలోగా యానాంలో జెండా మారింది. ఊరంతా పండగ. నేనూ ఊరేగింపులో అరిచాను, ఆ సంతోషంలో అబద్ధం లేదు. కానీ ఫ్రెంచి దొరలు వెళ్ళిపోయారు. మాకు రావాల్సిన ప్రశ్నపత్రాలు రాలేదు. ఇరవై ఎనిమిదో తారీఖున నేను తలస్నానం చేసి, కాగితం పట్టుకుని, ఎనిమిదింటికి బడికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. మధ్యాహ్నం దాకా అరుగుమీద కూర్చున్నాను. పేరు పిలవకపోతే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పి ఉండరన్నావు. అక్కడ పిలిచేవాడే లేడమ్మా.

తర్వాత రిజిస్ట్రారు కచేరీకి ఫ్రెంచి దస్తావేజులు చదివేవాడు కావాల్సొచ్చాడు. మా నాన్న నన్ను తీసుకెళ్ళి ఈ కాగితం చూపించాడు. కొత్తగా వచ్చిన ఆఫీసరుకి ఫ్రెంచి రాదు. ముద్ర చూశాడు. "పాసా?" అన్నాడు. "పాసండి" అన్నాడు మా నాన్న. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. అంతే నేను చేసిన తప్పు. అదే మళ్ళీ దిద్దుకోలేకపోయాను. నాన్న దాన్ని ఫ్రేము కట్టించాడు. రత్నమాల కాపురానికి వచ్చింది, బొట్టు పెట్టింది. నా పేరు ఉన్నచోటే పెట్టేది, చదవడం రాకపోయినా ఎలా తెలిసిందో. పోయేముందు కూడా ఆవిడకి చెప్పలేకపోయాను.

ముప్పై ఎనిమిదేళ్ళు దస్తావేజులు చదివాను. ఒక్క కాగితం తప్పు చదవలేదు. ఆ గర్వం ఉంది. కానీ ఎవరైనా 'ఫస్టున పాసయ్యారటగా' అంటే అన్నం సహించేది కాదు. పరీక్ష జరిగి ఉంటే పాసయ్యేవాణ్ణి. ఇలాంటి మాటకి ఫ్రెంచిలో విడిగా ఒక క్రియారూపం ఉంది, తెలుసుగా. డెబ్బై ఏళ్ళుగా నేను కాపురం ఉంటున్నది అందులోనే.

నీ నలభై ఆరు చూసి సిగ్గుపడకు. నాకు ఒక్క మార్కు కూడా లేదు.

సుబ్బరాయుడు


నల్లగండ్ల
2 మే 2025

మా తాతయ్యకి,

నీ ఉత్తరం రాకముందే చదివేశాను. ఫొటో వచ్చిన రోజు లింగంపల్లి స్టేషన్‌లో ఉన్నాను. ప్లాట్‌ఫారం మీద నిలబడే పెద్దది చేసి చూశాను. అమ్మమ్మ బొట్ల కిందనుంచి అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. ఎనిమిది గంటలకి హాజరు కావాలని ఉంది. కింద ఇంకో లైను. సొంత కలం తెచ్చుకోవాలని ఉంది. పాసైనవాడిని కలం తెచ్చుకోమని ఎవరంటారు? ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది. ఇంకోటి కూడా వెళ్ళిపోయింది.

నీకు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఏం రాయను? నాకు కోపం రాలేదు తాతయ్యా. నమ్ము. నా కళ్ళముందు తలస్నానం చేసి అరుగుమీద కూర్చున్న పదహారేళ్ళ పిల్లాడే ఉన్నాడు, నీ ఉత్తరం వచ్చాక మరీనూ. పరీక్ష లేకుండా, సర్టిఫికెట్టు లేకుండా, డెబ్బై ఏళ్ళు ఒక్కడివే ఒక భాషని తలలో పెట్టుకుని కాపాడావు. చెవులు పోయినా అది పోలేదు. ఎర్రసిరా ఎండిపోలేదు. ఇంట్లో ఇంతకన్నా గొప్ప కాగితం ఉంటే చూపించు.

మా అత్తగారికి అంతా చెప్పాను. ఆవిడ మోకాలికి నూనె రాసుకుంటూ విన్నారు. తర్వాత, "పరీక్ష పెట్టలేదా? గట్లయితె ఇప్పుడు వెట్టమను. పెద్దాయిన ఊకుంటడా?" అన్నారు, అదేదో మునిసిపాలిటీ వాళ్ళని నీళ్ళు వదలమన్నట్టు.

ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు. మర్నాడే అడిగాను. ఆ పరీక్షకి వయసు అడ్డు కాదట. వినికిడి లేనివాళ్ళకి డాక్టరు కాగితం ఉంటే వేరే ఏర్పాటు చేస్తారట, ప్రశ్నలు రాసి చూపిస్తారట. ఉమాశ్రీ అత్తయ్య నీ ఆధార్, డాక్టరు కాగితం పంపింది. కంప్యూటరులో పుట్టిన సంవత్సరం వెతుక్కుంటూ కిందికి, కిందికి, ఎంత కిందికి వెళ్ళానో. చివరికి 1938 దొరికింది. నొక్కాను. ఒప్పుకుంది.

నిన్ను అడక్కుండా చేశాను. తప్పే. రాకపోయినా నేనేమీ అనుకోను. ఎవరికీ చెప్పను కూడా. కానీ నవంబరులో ఆ ఫ్యాను కింద ఒంటరిగా కూర్చున్నాను తాతయ్యా. ఈసారి నువ్వు వెనక వరుసలో ఉంటే, ఇంగ్లీషులోకి పారిపోను.

జూన్ 14, శనివారం, పొద్దున్న. నీ హాల్ టికెట్టు ఇందులో పెట్టాను. ఈసారి దీన్ని గోడకి తగిలించకు. చేత్తో పట్టుకుని రా.

నీ తోటి విద్యార్థిని
ప్రవీణ


యానాం
20 మే 2025

తోటి విద్యార్థినికి,

అడక్కుండా చేసినందుకు రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఉత్తరాల్లో అది ఎలా చేయాలో తెలియలేదు.

కాకినాడలో గౌతమి ఎక్కి, పన్నెండో తారీఖు పొద్దున్న లింగంపల్లిలో దిగుతాను. మీ మావయ్య తోడొస్తున్నాడు. పరీక్షకి ముందే మీ అత్తగారి బండ ఉన్నచోటు నాకు చూపించాలి. ఆవిడే చూపించాలి, నువ్వు కాదు.

నీ ఐదు లైన్లూ తిప్పి పంపుతున్నాను. ఎర్రసిరా ఎక్కడుందా అని వెతుక్కోకు. పెట్టలేదు. పెట్టే అవసరం రాలేదు. నువ్వు పాసవుతావు. నా సంగతి తెలీదు. నువ్వు పంపిన ఈ కొత్తరకం ప్రశ్నలు సగం కొరుకుడు పడటం లేదు. పోతే పోతాను గానీ, నీ నలభై ఆరు దాటాలని మాత్రం ఉంది.

నిన్న పాత కాగితం ఫ్రేములోంచి తీశాను. రత్నమాల ఫొటో ముందు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఫ్రెంచిలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఒక్క ముక్క దాచలేదు. ఉమాశ్రీ గుమ్మంలో నిలబడి విన్నది. వెళ్ళి కుంకుమ భరిణ తెచ్చి నా చేతిలో పెట్టింది. నువ్వు పంపిన కొత్త హాల్ టికెట్టుమీద, నా పేరు దగ్గర, చిన్న బొట్టు నేనే పెట్టుకున్నాను. దాన్ని ఫ్రేము కట్టిద్దామా అని అడిగింది. వద్దన్నాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఇందులో కూడా కింద రాసి ఉంది, సొంత కలం తెచ్చుకోవాలని. ఆనాటిది బీరువాలోనే ఉంది. కడిగి సిరా పోశాను. రాస్తోంది. తెస్తున్నాను.

తాత